ఆగ్నేయం నుంచి ఉడుకు నీళ్లు వచ్చేదాకా

ముందుగా కాస్త ఆవిరి

నా పని ఏమిటని ఎవరైనా అడిగితే "ఉడుకు నీళ్లకు తోవ చూపించడం" అని చెప్పేవాణ్ని. అది విని ఒకాయన నన్ను స్వామీజీ అనుకొని కొబ్బరికాయతో సహా ఇంటికి వచ్చాడు. అసలు సంగతి అంత పవిత్రమైంది కాదు. ఆసుపత్రులు, లాడ్జీలు, హాస్టళ్లు కట్టేటప్పుడు వేడినీళ్ల పైపు ఎటునుంచి ఎటు పోవాలో గీసి, వేయించి, అది నియమాల ప్రకారం ఉందో లేదో చూసే ఇంజినీరును నేను. కరీంనగర్‌లో మొదలుపెట్టి ఆదిలాబాద్ అడవి అంచుల దాకా నేను వేయించిన పైపులన్నీ కొసకు కొస అతికిస్తే చందమామకు వేడినీళ్లు అందుతాయని నా అంచనా. మిగిలిన ముక్కలతో అక్కడ ఒక షవర్ కూడా పెట్టొచ్చు. యాభై దాటాక నా మోకాళ్లకూ మెట్లకూ మాటల్లేకుండా పోయాయి. అందుకే ముసలివాణ్ని కాకముందే పని మానేశాను.

కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లలు "సార్, మాకోసం ఏమైనా రాయండి" అన్నారు. ఎవరు ఎప్పుడు ఏ కుర్చీ ఎక్కారో రాయను. కుర్చీలన్నీ ఒకేలా కిర్రుమంటాయి. నీళ్ల గురించి రాస్తాను.

వేడినీళ్లతో నా చుట్టరికం ఉద్యోగం కన్నా పాతది. మా బాపు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. ఆయన షిఫ్టు దిగే వేళకు అవ్వ, అంటే మా అమ్మ, మా క్వార్టరు ముందు బొగ్గుల పొయ్యి మీద ఇత్తడి కాగు ఎక్కించేది. మా లైనులో ప్రతి ఇంటి ముందూ ఒక కాగు, ప్రతి కాగు మీదా ఒక మేఘం. ఆ మేఘాలన్నీ కలిసి కాలనీ మీద ఎంత దట్టంగా పరుచుకునేవంటే పావురాలు వాటి మీద దిగి నడిచేవి. ఆ ఆవిరిలోకి ఒక నల్లటి మనిషి నడిచి వెళ్లేవాడు. లోపల చెంబు చప్పుడు, నీళ్ల చప్పుడు. కాసేపటికి అదే ఆవిరిలోంచి మా బాపు బయటికి వచ్చేవాడు. వేడినీళ్లే మనుషుల్ని తయారుచేస్తాయని చాలా ఏళ్లు నమ్మాను. ఆ నమ్మకం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

తలకింది పుస్తకం

నాకు పని నేర్పింది ఖాదర్ సాబ్. కరీంనగర్‌లో పైపుల కాంట్రాక్టరు. ఆయన మీసం ఎంత నిటారుగా ఉండేదంటే, రసమట్టం దొరక్కపోతే గోడకు ఆనించి ఆ మీసంతోనే పైపు వంకర చూసేవాళ్లం. ప్లంబింగ్ నియమాల పుస్తకాన్ని మేం 'కోడ్' అంటాం. ఇటుకంత లావు. మధ్యాహ్నం దాన్ని తలకింద పెట్టుకొని పడుకునేవాడు. నియమాలు చెవిలోంచి లోపలికి ఎక్కుతాయని ఆయన వాదన. ఎక్కాయి కూడా. నిద్రలో కలవరించినా కోడ్ ప్రకారమే కలవరించేవాడు.

"సేఫ్టీ వాల్వ్ మూతి మూయకుండ్రిరా..." అనేవాడు గురకకూ గురకకూ మధ్య. బాయిలర్‌లో నీళ్లు కాగితే ఉబ్బుతాయి. ఉబ్బిన నీళ్లకు బయటికి పోయే దారి ఉండాలి. నీళ్లు కారుతున్నాయని ఆ దారికి బిరడా కొట్టినవాడు ఇంట్లో బాయిలర్ పెట్టుకోలేదు, బాంబు పెట్టుకున్నాడు. ఈ ఒక్కటీ మీరు కూడా కలవరించేదాకా నేర్చుకోండి.

నేను చేరిన కొత్తలో ఒక లాడ్జీలో ఎవరో వేడి నల్లా కుడివైపు, చల్లది ఎడమవైపు బిగించారు. అందులో దిగిన ఒక పెళ్లికొడుకు మొహమంతా సబ్బు రాసుకొని, చల్లనీళ్ల కోసం అలవాటుగా కుడివైపు తిప్పాడు. ఆయన కేకకు బస్టాండులో బస్సులు టైముకన్నా ముందే కదిలాయని చెప్పుకుంటారు. పెద్ద ప్రమాదమేమీ కాలేదు. పెళ్లి ఫొటోల్లో మాత్రం పెళ్లికూతురి కన్నా ఆయనే ఎక్కువ సిగ్గుపడినట్టు ఎర్రగా పడ్డాడు. ఆ నల్లాలు మార్చడానికి మమ్మల్ని పిలిచారు.

"మార్చడమెందుకు సాబ్, మీద వేడి, చల్ల అని రాస్తే సరిపోదా?" అన్నాను నేను.

"అరె బేటా," అన్నాడు ఖాదర్ సాబ్, "కండ్లల్ల సబ్బు పడ్డోడు సదువుతడా? గప్పుడు చెయ్యి ఒక్కటే పనిచేస్తది. ఎడమ దిక్కు ఉడుకు, కుడి దిక్కు సల్ల, చెయ్యికి గంతే యాదుంటది. గీ కోడ్ హుషారోళ్ల కోసం రాయలే మియా. కండ్లల్ల సబ్బు పడ్డోళ్ల కోసం రాసిండ్రు."

పుస్తకమంతా చదవలేనివాళ్లు ఈ మాట రాసుకోండి. చదివినవాళ్లు రెండుసార్లు రాసుకోండి.

బోథ్ నుంచి పిలుపు

ఖాదర్ సాబ్ పనులన్నీ నాకప్పజెప్పి, ఆ పుస్తకాన్ని మాత్రం దిండుగా తన దగ్గరే ఉంచుకున్న చాలా ఏళ్లకు, ఒక చలికాలం పొద్దున బోథ్ నుంచి ఫోను వచ్చింది.

బోథ్ చలి ఎరగనివాళ్ల కోసం చెబుతున్నాను. జనవరిలో అక్కడ కోడి కూసే ముందు గొంతును పొయ్యి దగ్గర కాచుకుంటుంది. పొగమంచు పత్తి చేల మీంచి లేచి, తలుపు తోసుకొని లోపలికి వచ్చి, చుట్టంలా ఒక మూల కూర్చుంటుంది. చాయ్ ఇచ్చినా పోదు. అలాంటి ఊళ్లో ఒక చిన్న ప్రసవాల దవాఖాన. నడిపేది సుజాత అనే డాక్టరమ్మ. భవనం కట్టించింది ఆమె మామ విఠల్‌రావు. నేను వేయించిన లైను కాదది.

నేను వెళ్లేసరికి మెట్ల మీద ఒక పెద్దావిడ గొంగడి కప్పుకొని కూర్చుని ఉంది. ఆమె పేరు పోసవ్వ. దవాఖానలో ఆయా. పుట్టిన పిల్లల్ని ఇంటికి పంపే ముందు కాళ్లు చాపుకొని, ఆ కాళ్ల మీద పడుకోబెట్టుకొని నీళ్లు పోసేది ఆమే. అంతకుముందు రోజు ఒక పసివాడికి నీళ్లు పోస్తుండగా మడమ ఎర్రబడింది. సాయంత్రానికే ఆ ఎరుపు పోయింది గానీ, పిల్లవాడి నాయనమ్మ లచ్చవ్వ నోటి ఎరుపు పోలేదు. పోసవ్వను తీసేయాలని పట్టుబట్టింది. ఇంజినీరు వచ్చి చూసేదాకా పిల్లల్ని ముట్టుకోవద్దని డాక్టరమ్మ చెప్పింది. అందుకే పోసవ్వ పనిలోకి పోలేదు. ఇంటికీ పోలేదు. మధ్యలో మెట్ల మీద కూర్చుంది.

"నేను మోచెయ్యి వెట్టి సూసిన సారూ," అంది నన్ను చూడగానే. "గోరెచ్చగున్నయి. సూసినంకనే పోరని మీద పోసిన. గీ ఊళ్లె సగం మందికి మొదటి నీళ్లు నేనే పోసిన. ఒక్కల్ని కాల్సలే."

లోపలి గదిలోంచి లచ్చవ్వ అందుకుంది. "గోరెచ్చగుంటె నా మనుమని మడిమె గట్లెందుకయితది? నీ మోచెయ్యి మొద్దువారిందవ్వా. కట్టెకు, నీ చెయ్యికి ఫరక్ లేదు."

"నా చెయ్యి కట్టె అయితె నీ నాలికె రంపం," అంది పోసవ్వ. కానీ ఆ మాట అంటున్నప్పుడు ఆమె చేతులు రెండూ గొంగడి అంచును మెలిపెడుతున్నాయి. ఆ చేతులకు ఇంకో పని రాదు. ఈ పని పోతే ఊళ్లో ఎవరూ మళ్లీ పసిబిడ్డను చేతికివ్వరు. అది ఆమెకు తెలుసు, నాకూ తెలిసింది.

నల్లా కింద చెయ్యి

ముందు బాయిలర్ ఎక్కడుందని అడిగాను. డాబా మీద, ఆగ్నేయం మూల. నీళ్లు పోసే గది ఎక్కడ? కింద, వాయవ్యం మూల. భవనంలో ఇంతకన్నా దూరంగా రెండు వస్తువులు పెట్టాలంటే ఒకదాన్ని పక్క ఊళ్లో పెట్టాలి.

"అగ్ని ఆగ్నేయంలనే ఉండాలె కదా ఇంజినీర్ సాబ్," అన్నాడు విఠల్‌రావు, తలపాగా సర్దుకుంటూ. "వాస్తు సూపించి కట్టిన. ఇటుక గిట్ల కూడ జరగలే."

"జరిగుంటె నేను ఉడుకు నీళ్ల కోసం గింత సేపు నిలవడకపోదును," అంది వెనకనుంచి పోసవ్వ.

అందర్నీ ఆ గదిలోకి పిలిచాను. డాక్టరమ్మ, విఠల్‌రావు, లచ్చవ్వ, గడప బయట పోసవ్వ. నల్లా విప్పి కింద చెయ్యి పెట్టాను. చల్లటి నీళ్లు. మామూలు చల్లన కాదు, గోళ్లు తమ పేర్లు మరిచిపోయే చల్లన.

ఎదురుచూశాం. ఇలా ఎదురుచూడటం నా వృత్తిలో నాకు చాలా ఇష్టమైన భాగం. కళ్లు మూసుకుంటే పైపు లోపలి ప్రయాణమంతా కనబడేది. బాయిలర్‌లోంచి వేడినీళ్లు కొత్త పెళ్లికూతురిలా బయలుదేరుతాయి. డాబా మీద మంచు వాటిని ఆపి ఏ ఊరని అడుగుతుంది. పైపుకు తొడుగు లేదు కాబట్టి ప్రతి గజానికీ కాస్త వేడి అక్కడి ఇనుముకు కానుకగా ఇచ్చి ముందుకు నడుస్తాయి. గోడ దిగుతాయి, మలుపు తిరుగుతాయి, వంటగది వెనక ఆగి కునుకు తీస్తాయి. నల్లా దగ్గరికి వచ్చేసరికి ముందు నడిచినవి గోరువెచ్చగా, సగం నిద్రలో ఉంటాయి. వాటి వెనక వచ్చేవి అలసిపోవు. పైపు అప్పటికే వెచ్చబడి ఉంటుంది కదా. మా బాపు ఆవిరిలోకి నడిచినట్టే నేనూ ఆ పైపులోకి నడిచిపోతున్నాను. కాలనీ, కాగు, అవ్వ చేతి చెంబు...

"సార్, వచ్చినయి," అంది డాక్టరమ్మ.

గోరువెచ్చగా ఉన్నాయి. చాలా హాయిగా ఉన్నాయి. మోచెయ్యి పెట్టి చూసినవాళ్లెవరైనా బాగున్నాయనే అంటారు. "ఇంకొంచెం ఆగండి," అన్నాను. నల్లా అలాగే వదిలేశాం. విఠల్‌రావు చెయ్యి కూడా పెట్టించాను. మరో నాలుగు మాటలు మాట్లాడుకునేలోపు ఆయన "అయ్యో! కాయ్ రే బాబా!" అని మరాఠీలో కేకేసి, చెయ్యి వెనక్కి లాక్కొని, తలపాగాతో తుడుచుకున్నాడు. చూసుకోకుండా ఆ తలపాగాను నీళ్లలో పడేసుకున్నాడు. నల్లా నుంచి చాయ్ కాచుకునేంత వేడి వస్తోంది.

"ఇంత వేడెందుకు పెట్టారు?" అని అడిగాను.

డాక్టరమ్మ నర్సులను అడిగి వచ్చింది. నీళ్లు రావడం ఆలస్యమవుతోందని, తొందరగా వస్తాయన్న ఆశతో, ఎవరో బాయిలర్ మీట చివరిదాకా తిప్పారట. ఈ తప్పు మీరు చాలా చోట్ల చూస్తారు. వేడి పెంచితే నీళ్లు పరుగెత్తవు. అంతే మెల్లగా వచ్చి, మరింత గట్టిగా కరుస్తాయి.

ఇక జరిగిందేమిటో తేలింది. పోసవ్వ బకెట్లో పట్టినవి గోరువెచ్చని నీళ్లు. మోచెయ్యి పెట్టింది, సరిపోయాయి. నల్లా మూయకుండా నీళ్లు పోయడం మొదలుపెట్టింది. ఈలోగా సలసల కాగినవి వచ్చి బకెట్లో పడ్డాయి. వేడినీళ్లు తేలిక, పైనే ఉంటాయి. చెంబు ముంచేదీ పైనే.

"అవ్వా, రెండో చెంబుకు కూడా మోచెయ్యి పెట్టి చూశావా?" అని అడిగాను. చూశానంటుందనుకున్నాను. అలా అంటే అక్కడితో అయిపోయేది. కాదనేవాళ్లెవరూ ఆ గదిలో లేరు.

పోసవ్వ గడప వైపు చూసింది. "లేదు సారూ," అంది. "ముచ్చట పెడుతున్న. గీ పోరని తల్లితోని. నా కోడలు అలిగి పోయిన ముచ్చట."

"ఇన్నరా!" అంది లచ్చవ్వ, పంచాయతీ గెలిచినట్టు. "నేను ముందే జెప్పిన. ముచ్చటల వడి నా మనుమన్ని మరిసింది. ఇగ ఆమె చేతికి పోరన్ని ఇయ్య. ఇస్తె నా పేరు లచ్చవ్వ గాదు."

నల్లా ఒక్కటే మాట్లాడుతోంది. పోసవ్వ గొంగడి సర్దుకొని మెట్ల వైపు నడిచింది, ఈసారి ఇంటికి పోయే నడకతో.

ప్రదక్షిణం

నేను ఆమెను ఆగమన్నాను. ఖాదర్ సాబ్ మాట ఇటుకంత బరువుతో నా తలలో అటునుంచి ఇటు దొర్లింది.

"డాక్టరమ్మా, రెండోసారి చూడకపోవడం పొరపాటే," అన్నాను. "కానీ పసిపిల్లలకు నీళ్లు పోసేవాళ్లు ముచ్చట పెడతారు. పెట్టనివాళ్లను మీరు ఎక్కడినుంచి తెస్తారు? రేపు ఇంకో ఆయా వస్తుంది, ఆమెకూ ఒక కోడలు ఉంటుంది. ముచ్చట పెట్టినా కాలని నల్లా ఉండాలి. కోడ్ అడిగేది అదే."

"అయితే బాయిలర్ వేడి తగ్గించేస్తే సరి గదా?" అంది డాక్టరమ్మ.

"తగ్గించి నిలవబెడితే గోరువెచ్చని నీళ్లలో ఏం పెరుగుతాయో నాకన్నా మీకే బాగా తెలుసు."

ఆమెకు వెంటనే అర్థమైంది. క్రిములకు చలికాలపు వసతి గృహం కడుతున్నట్టే. అందుకే బాయిలర్‌లో నీళ్లు అరవై డిగ్రీలకు తగ్గకుండా ఉండాలి. నల్లా దగ్గర మాత్రం ఒళ్లు ఓర్చుకునేంతే రావాలి. మధ్యలో చల్లనీళ్లు తగినన్ని కలిపి, చల్లనీళ్లు ఆగిపోతే వేడివి కూడా ఆపేసే మిక్సింగ్ వాల్వ్ ఉండాలి. పైపుకు తొడుగు ఉండాలి. అంత దూరమైతే, వాడని వేళల్లో కూడా వేడినీళ్లు నల్లా దాకా వచ్చి మళ్లీ బాయిలర్‌కు తిరిగిపోయేలా ఇంకో పైపు ఉండాలి. ఇవన్నీ చెప్పాను. లేదంటే బాయిలర్‌నే ఈ గది పక్కకు తేవాలి.

"బాయిలర్ కదలది," అన్నాడు విఠల్‌రావు. తడిసిన తలపాగా చేతిలో పిండుతూ. "ఇంకో పైపంటె గోడలు పలగ్గొట్టాలె. ఆయాను మార్చుడు అల్కగ. గోడ పలగ్గొట్టుడు అల్కనా సాబ్?"

చూశారా, లోకం ఎలా నడుస్తుందో. గోడకు తలుపులుంటాయి, వాస్తు ఉంటుంది, అడ్డంపడే మనిషి ఉంటాడు. ఆయాకు ఏముంది? ఒక గొంగడి.

కోడ్‌లో లేని ఉపాయం ఒకటి వాడాను. కోడ్‌కు విరుద్ధం మాత్రం కాదు. "రావు సాబ్, కొండగట్టు పోతుంటారా?" అని అడిగాను.

"ప్రతి ఏడు. ఎందుకు?"

"అంజన్న గుడికి పోయి ముందునుంచే దండం పెట్టి మళ్లొస్తరా, చుట్టు తిరుగుతరా?"

"చుట్టు తిరగకుంటె దర్శనమెట్లయితది?"

"మీ నీళ్లు ఆగ్నేయంల పుట్టి వాయవ్యం దాక పోతున్నయి. తిరిగొస్తలేవు. సగం ప్రదక్షిణం చేసి అక్కడ్నే ఆగిపోతున్నయి." నేను నేల మీద వేలితో గీశాను. ఆగ్నేయం నుంచి నైరుతి, అక్కడినుంచి వాయవ్యం. వాయవ్యం నుంచి ఈశాన్యం మీదుగా మళ్లీ ఆగ్నేయం. ఎడమ నుంచి కుడికి, నిండు ప్రదక్షిణం. "బాయిలర్ కదలది. గోడలు కూడ పలగవు. తిరుగు పైపు గోడ బయటినుంచి పోతది. నీళ్లు మాత్రం ఎప్పుడు తిరుగుతనే ఉంటయి."

విఠల్‌రావు వంగి నేల మీది ఆ గీత వెంట తనూ వేలు తిప్పాడు. ఆయన కళ్లు సగం మూసుకుపోయాయి. కొండ మెట్లు ఎక్కుతున్నాడో, పైపులోకి దిగాడో నాకు తెలియదు. చివరికి, "ఈశాన్యం దగ్గర కొంచెం ఎత్తు తగ్గించి ఏస్తరా?" అన్నాడు. తగ్గించి వేశాం. దానివల్ల గాలి నిలిచే చోట ఒక చిన్న వాల్వ్ అదనంగా పెట్టాల్సి వచ్చింది. భక్తికి ఆ మాత్రం చెయ్యాలి.

పోసవ్వ సంగతి డాక్టరమ్మ తేల్చలేదు. "లైన్ పూర్తయినంక సూద్దాం," అంది. లచ్చవ్వ మనవణ్ని శాలువలో చుట్టుకొని, మూతి తిప్పుకొని ఇంటికి వెళ్లింది.

నిలబడని నీళ్లు

తిరుగు పైపు, మిక్సింగ్ వాల్వ్, తొడుగులు, అన్ని పనులూ అయ్యేసరికి చలి ఇంకా వదల్లేదు. చివరి రోజు నేను పరీక్షించడానికి వెళ్లాను. అదే రోజు లచ్చవ్వ మనవడికి సూది వేయించడానికి వచ్చింది. పోసవ్వ మెట్ల మీదే ఉంది. అన్ని రోజులూ అక్కడే ఉందేమో, మెట్టు ఆమె కూర్చునే ఆకారానికి అరిగి ఉందని నా కంటికి అనిపించింది.

నేను నల్లా విప్పాను. ఎదురుచూపు లేదు. విప్పీ విప్పగానే వెచ్చటి నీళ్లు. నాకు కాస్త దిగులేసింది కూడా, కల కనే తీరిక పోయినందుకు.

లచ్చవ్వ ఎవరినీ నమ్మే మనిషి కాదు. నన్ను పక్కకు జరగమని తనే నల్లా కింద చెయ్యి పెట్టింది. తీయలేదు. డాక్టరమ్మ వచ్చి చూసి వెళ్లింది. విఠల్‌రావు కొత్త తలపాగాతో వచ్చి, పైపుకు దండం పెట్టి వెళ్లాడు. లచ్చవ్వ చెయ్యి తీయలేదు. నల్లాను ఎడమకు చివరిదాకా తిప్పింది. దానికి చెవి ఆనించి విన్నది. ఆమె వేళ్లు నీళ్లకు ముడతలు పడ్డాయి. నీళ్లు మాత్రం అలాగే వస్తున్నాయి, మాట మీద నిలబడ్డ మనిషిలా.

చెయ్యి కొంగుకు తుడుచుకొని గడప దాకా వచ్చింది.

"ఓ పోసవ్వా, ఏం గూసున్నవ్ గక్కడ? పోరనికి పానమంత జిగటగ ఉన్నది. రా, నీళ్లు పొయ్యి."

పోసవ్వ లేవలేదు. "నీ పేరు లచ్చవ్వ గాదా ఇగ?"

"ఏదో ఒక పేరు వెట్టి పిలువు. ముందు రా."

పోసవ్వ లోపలికి వచ్చి, పీట మీద కూర్చుని, కాళ్లు చాపింది. లచ్చవ్వ మనవణ్ని ఆ కాళ్ల మీద పడుకోబెట్టింది. పెట్టాక కూడా కాసేపు చెయ్యి వాడి పొట్ట మీదనుంచి తీయలేదు. తర్వాత తీసింది.

పోసవ్వ మొదటి చెంబుకు మోచెయ్యి పెట్టింది. రెండో చెంబుకూ పెట్టింది. మూడోదానికి కూడా పెట్టబోతుంటే పిల్లవాడు రాగం అందుకున్నాడు.

"గమ్మునుంటవేందే? ముచ్చట వెట్టు," అంది లచ్చవ్వ. "గమ్మునుంటె పోరడు ఏడుస్తడు. నీ కోడలు అలిగి పోయిందంటివి గదా. మల్ల ఒచ్చిందా?"

పోసవ్వ ఆమె వైపు చూసింది, నల్లా వైపు చూసింది, చెంబు ముంచింది. "ఒచ్చుడైతె ఒచ్చిందవ్వా," అని మొదలుపెట్టింది.

గది నిండా ఆవిరి లేచింది. అందులో ఇద్దరు ముసలమ్మలు, వాళ్ల మధ్య ఒక పసివాడు మెల్లమెల్లగా కనబడకుండా పోయారు. చెంబు చప్పుడు, నీళ్ల చప్పుడు. నేను గోడకు ఆనుకొని కళ్లు మూసుకున్నాను. కోడలు అలిగింది, ఆసిఫాబాద్ పోయింది, అక్కడ అన్నతో కొట్లాడింది, తిరిగి బయలుదేరింది, బస్సు తప్పిపోయింది. ఆ కోడలు ఇంటికి చేరేదాకా పోసవ్వ చెప్తూనే ఉంది. అంతసేపూ నీళ్లు ఒక్క పిసరు కూడా మారలేదు.